హార్మోన్ చికిత్స తొలి నెలల్లో శరీరం, వ్యాయామం, కుటుంబం: అనుభవజ్ఞుల సలహా కావాలి

కొత్తచిగురు

అందరికీ నమస్కారం. నేను ఎండోక్రినాలజిస్టు (హార్మోన్ల వైద్య నిపుణుడు) పర్యవేక్షణలో ఈస్ట్రడయాల్ అనే ఈస్ట్రోజెన్ హార్మోను, టెస్టోస్టెరాన్ అనే పురుష హార్మోనును అడ్డుకునే స్పైరోనోలాక్టోన్ వాడుతున్న ట్రాన్స్ మహిళను. చికిత్స ఇంకా తొలి నెలల్లోనే ఉంది. ఏళ్ల తరబడి పరుగు, బరువులు రెండూ అలవాటున్నదాన్ని కనుక మార్పు నాకు అద్దంలో కంటే ముందు వ్యాయామంలోనే తెలిసింది. ఎప్పుడూ సులువుగా ఎక్కే ఎత్తు దగ్గర ఆయాసం వస్తోంది. బెంచ్‌ప్రెస్‌లో బరువు తగ్గించుకోవలసి వస్తోంది. పరిగెత్తితే చనుమొనలు చొక్కాకు రాసుకుని మండిపోతున్నాయి.

నా భార్యకు మొదటినుంచీ అన్నీ తెలుసు. మాతోనే ఉండే అమ్మకు తెలియదు. బడికి వెళ్లే కూతురు ఉంది. "ఒళ్లు ఎందుకిలా వాడిపోతోంది, ఏదైనా జబ్బు దాస్తున్నావా?" అని అమ్మ ఈమధ్య తరచుగా అడుగుతోంది. వ్యాయామాన్ని ఇకమీదట ఏ లక్ష్యంతో చేయాలో, శరీరం తానే బయటపెట్టేలోగా అమ్మకు చెప్పడానికి నాకు ఎంత వ్యవధి ఉందో తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

మేఘమాల

కొత్తచిగురు గారూ, ఆ ఆయాసం బద్ధకం వల్ల వచ్చింది కాదు. ఎర్ర రక్తకణాల తయారీని టెస్టోస్టెరాన్ ప్రేరేపిస్తుంది. అది అణిగిన తరువాత హిమోగ్లోబిన్ కూడా పడిపోయి, 3 నుంచి 4 నెలల్లోనే స్త్రీలలో సాధారణంగా ఉండే స్థాయికి చేరుతుంది. ఊపిరితిత్తులు ఎంత బాగా పనిచేసినా కండరాలకు ప్రాణవాయువును మోసుకెళ్లే సరంజామా తగ్గినప్పుడు ఎత్తు ఎక్కుతుంటే ముందుగా తెలిసేది అదే. కాబట్టి పాత వేగాన్ని గడియారంలో వెతుక్కోవడం మానేసి, పక్కవారితో రెండు మూడు మాటలు మాట్లాడగలిగేంత శ్వాస మిగులుతోందా అన్నదాన్ని బట్టి పరుగు వేగం నిర్ణయించుకోండి. అలాగని ఆయాసం వచ్చిన ప్రతిసారీ హార్మోన్ల మీదికి నెట్టేయకూడదు. కూర్చున్నప్పుడు కూడా ఊపిరి అందకపోతే అది వేరే సంగతి.

కండరాల కథ ఇంత వేగంగా నడవదు. స్వీడన్ పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనంలో ఏడాది చికిత్స తరువాత ట్రాన్స్ మహిళల తొడ కండరాల పరిమాణం సుమారు 5 శాతం తగ్గిందని, కాళ్ల బలం మాత్రం దాదాపు అలాగే నిలిచిందని తేలింది. అంటే బరువులు పూర్తిగా చేజారిపోతాయన్న భయం అక్కర్లేదు. కొవ్వు తుంటికి, తొడలకు చేరడం 3 నుంచి 6 నెలల మధ్య మొదలై, పూర్తి రూపానికి రావడానికి రెండేళ్ల నుంచి ఐదేళ్లు పడుతుంది. మీ నడుము ఈ నెలలో తగ్గలేదని దిగులుపడటం తొందరపాటే. పైగా పాత కొవ్వు ఉన్నచోటు నుంచి లేచి మరోచోటికి నడిచివెళ్లదు. కొత్తగా చేరేది ఎక్కడ చేరాలన్నదే ఎక్కువగా మారుతుంది.

ఉదయరాగం

మేఘమాల గారి మాటలతో ఒక్కచోట విభేదిస్తాను. బలం నిలుస్తుందన్న వార్త అందరికీ శుభవార్త కాదు. భుజాలు, చేతులు ఉబ్బినట్టు కనిపించే వ్యాయామం చేసిన రోజు నాకు అద్దం ముందు నిలబడటమే కష్టమయ్యేది. అందుకే ఛాతీ, భుజాల వ్యాయామాలన్నీ మానేశాను. నాకు మనశ్శాంతి దొరికింది.

అడుగుజాడ

నేను ఫిజియోథెరపిస్టును, ట్రాన్స్ మహిళను కూడా. ఉదయరాగం గారూ, మీ బాధ నిజమైనదే. కానీ శరీరంపై భాగాన్ని పూర్తిగా వదిలేయమని నేను ఎవరికీ చెప్పను. వ్యాయామం చేసిన గంట సేపు కండరాలకు రక్తం ఎక్కువగా చేరడం వల్ల కనిపించే ఉబ్బును చూసి కండ పెరుగుతోందని అనుకుంటాం. టెస్టోస్టెరాన్ స్త్రీల స్థాయికి పడిపోయిన శరీరంలో భుజాలు చాటంత కావడం అంత తేలికైన పని కాదు. రొమ్ములు పెరుగుతున్న కొద్దీ ముందుకు వంగి, భుజాలు ముడుచుకుని నడిచే అలవాటు చాలామందికి వస్తుంది, ముఖ్యంగా ఇంట్లో దాచుకోవలసి వచ్చినవారికి. ఆ వంపు వల్ల మెడనొప్పి, వీపునొప్పి తెచ్చుకున్నవారిని నేను తరచుగా చూస్తుంటాను. వీపు కండరాలకు పనిపెట్టే లాగుడు వ్యాయామాలు తేలికపాటి బరువుతోనైనా ఉంచుకోండి. అద్దం లేని మూల చూసుకుని చేయండి, అందులో తప్పేమీ లేదు.

కొత్తచిగురు గారికి నా సలహా ఇది. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, తుంటిని పైకెత్తే వ్యాయామాలు కొనసాగించండి. ఇవి తుంటికి ఆకృతినిస్తాయని అందరూ చెప్పేదే కానీ, నా దృష్టిలో అసలు కారణం ఎముకలు. ఎముకల దృఢత్వానికి ఏదో ఒక సెక్స్ హార్మోను తగినంత ఉండాలి. టెస్టోస్టెరాన్‌ను అణచి, ఈస్ట్రడయాల్ చాలినంత లేకుండా నెలల తరబడి గడిపితే ఎముకలు పలచబడతాయి. బరువు మోసే వ్యాయామం, కాల్షియం, విటమిన్ డి, మాత్రలు క్రమం తప్పకుండా వేసుకోవడం, ఈ నాలుగూ కలిసి పనిచేయాలి.

పాత రికార్డుల పుస్తకాన్ని పక్కనపెట్టి కొత్తది తెరవండి. చికిత్సకు ముందు ఎత్తిన బరువుతో పోల్చుకుంటూ ఉంటే ప్రతి వారమూ ఓటమిలాగే అనిపిస్తుంది. ఇంకొక మాట: సన్నబడాలని ఈ దశలో కడుపు మాడ్చుకోకండి. కొత్త చోట కొవ్వు చేరాలంటే తినవలసిందే. బరువు నిజంగా ఎక్కువైతే నెమ్మదిగా తగ్గించుకోవచ్చు. తిండిని శత్రువుగా చూసే ధోరణి మనవాళ్లలో చాలామందికి ముందునుంచే ఉంటుంది కనుక ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

హరితరేఖ

స్పైరోనోలాక్టోన్ గురించి ఎవరూ ఎత్తలేదు. అది మొదట మూత్రం ఎక్కువగా పోయేటట్టు చేసే మందు, టెస్టోస్టెరాన్‌ను అడ్డుకోవడం దాని రెండో గుణం. కాబట్టి పరుగెత్తి చెమట కార్చేవారికి నీళ్లు చాలక, లేచి నిలబడగానే కళ్లు తిరగడం మామూలే. నీళ్లు తాగాలి, నేలమీద పడుకుని చేసే వ్యాయామం ముగిశాక ఒక్కసారిగా లేవకూడదు. బాత్రూమ్‌కు పరుగెత్తవలసి వస్తుందని నీళ్లు తాగడం తగ్గించేవారున్నారు, అది మరీ ప్రమాదం.

దీనికంటే ముఖ్యమైనది పొటాషియం. ఈ మందు పొటాషియంను బయటికి పోనివ్వకుండా శరీరంలోనే నిలిపి ఉంచుతుంది. రక్తపోటు ఉన్నవారు మామూలు ఉప్పుకు బదులుగా వాడే తక్కువ సోడియం ఉప్పులో ఉండేది చాలావరకు పొటాషియం క్లోరైడే. ఇంట్లో పెద్దవారి కోసం తెచ్చిన ఆ డబ్బానే అందరికీ వాడుతుంటే ఒకసారి చూసుకోండి. వ్యాయామం చేసేవారి కోసం అమ్మే లవణాల పొడుల్లో కూడా పొటాషియం ఎంతుందో చదవండి. ఒళ్లునొప్పులకు అలవాటుగా వేసుకునే ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు కూడా ఈ మందుతో కలిసినప్పుడు పొటాషియంను పెంచి మూత్రపిండాల మీద భారం వేస్తాయి. కాళ్లు నొప్పెడుతున్నాయని రోజూ మింగే ముందు డాక్టరును అడగాలి. గుండె లయ తప్పేదాకా లక్షణాలు కనిపించకపోవచ్చు కనుక రక్తపరీక్ష ఒక్కటే నమ్మకమైన కాపలా.

నిర్వాహకురాలు

చర్చ బాగా సాగుతోంది. ఒక్క విన్నపం: ఎవరు ఎన్ని మిల్లీగ్రాములు వాడుతున్నారో ఇక్కడ రాయవద్దు. కొత్తవారు ఆ అంకెలనే పట్టుకుని మందుల దుకాణానికి వెళ్తున్నారు. మోతాదు గురించిన రెండు వ్యాఖ్యలను తొలగించాను.

పూలతీగ

మంట గురించి. చనుమొన వెనక నాణెమంత గట్టి బిళ్ల చేతికి తగులుతుంటే అది రొమ్ము మొగ్గ, ఎదుగుదలకు తొలి గుర్తు. సాధారణంగా 3 నుంచి 6 నెలల మధ్య వస్తుంది. రెండు వైపులా ఒకేసారి, ఒకే పరిమాణంలో పెరగాలని లేదు. నాకు ఎడమవైపు చాలాకాలం ముందుండి, కుడివైపు నింపాదిగా వచ్చింది. అయితే చనుమొన నుంచి రక్తం గాని, స్రావం గాని వచ్చినా, ఒకచోట ఎర్రబడి వేడిగా ఉన్నా, చనుమొనకు దూరంగా గట్టి గడ్డ తగిలినా డాక్టరుకు చూపించాలి.

పరుగుకు ముందు చనుమొనలకు పెట్రోలియం జెల్లీ రాయడం, లోపల అతుకులు లేని మెత్తని స్పోర్ట్స్ బ్రా వేసుకోవడం, ఈ రెండూ చాలు. దాచడానికని పొద్దుటినుంచి రాత్రిదాకా బిగుతు బట్ట చుట్టుకోవడం మంచిది కాదు. దానివల్ల శ్వాస సరిగ్గా ఆడదు, చర్మం పుండుపడుతుంది. ముదురు రంగులో, చిన్న చిన్న గళ్లో పూలో ఉన్న కాస్త మందపాటి చొక్కా కంటిని బాగా ఏమారుస్తుంది. సాదా లేత రంగు పల్చని చొక్కా అన్నీ చెప్పేస్తుంది. చంకన సంచి వేలాడేసుకునేవారు పట్టీ రొమ్ము మొగ్గ మీదుగా పోకుండా చూసుకోండి, ఒక్కసారి ఒత్తుకుంటే చుక్కలు కనిపిస్తాయి.

అడుగుజాడ

పూలతీగ గారు చెప్పినదానికి ఒక హెచ్చరిక కలుపుతాను. ఈస్ట్రోజెన్ వాడేవారిలో సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం కొంత పెరుగుతుంది. పొగతాగేవారిలో, నోటి మాత్రలు వాడేవారిలో ఈ ముప్పు ఎక్కువ. చర్మానికి అంటించే పట్టీలు, జెల్ వాడేవారిలో తక్కువ. కాళ్ల వ్యాయామం చేసిన మరునాటి నొప్పి రెండు కాళ్లలోనూ ఉంటుంది, కదిలేకొద్దీ సడలుతుంది. ఒక్క పిక్క మాత్రమే వాచి, వేడెక్కి, నొక్కితే నొప్పిగా ఉంటే అది వ్యాయామం వల్లేనని సర్దిచెప్పుకుని ఇంట్లో కూర్చోకూడదు. దానికి ఛాతీనొప్పి గాని, హఠాత్తుగా ఆయాసం గాని తోడైతే వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లి, హార్మోన్లు వాడుతున్నానని మొదటిమాటగా చెప్పాలి. ఇంట్లో ఎవరికీ తెలియకుండా వాడేవారికి ఇదే నా భయం. స్పృహ తప్పి పడిపోతే డాక్టరుకు ఆ మాట చెప్పేవారెవరు?

కొత్తచిగురు

అందరికీ కృతజ్ఞతలు. అడుగుజాడ గారి చివరి ప్రశ్న నన్ను ఆలోచనలో పడేసింది. నా భార్య ఊరికి వెళ్లిన రోజుల్లో ఇంట్లో ఉండేది అమ్మా, పాపా మాత్రమే. ఇక ఇంటి విషయం కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది.

తోడునీడ

నేను ఒక ట్రాన్స్ మహిళకు భార్యను. ఇక్కడ ఎక్కువగా చదవడమే తప్ప రాయను, కానీ ఈ ప్రశ్నకు రాయాలనిపించింది. మొదట మీ అమ్మగారి గురించి కాక మీ భార్య గురించి అడుగుతాను. ఆమెకు తెలుసని మీరు ఒక్క వాక్యంలో తేల్చేశారు. మొదటినుంచీ తెలిసిన విషయమైనా, రోజూ పక్కన పడుకునే శరీరంలో అది కంటికి కనిపించేసరికి మనసు మళ్లీ మొదటినుంచి సర్దుకోవలసి వస్తుంది. నా విషయంలో అలాగే జరిగింది. వాసన మారింది, చర్మం మెత్తబడింది, కోరిక తగ్గింది. కోరిక తగ్గడం తొలి 1 నుంచి 3 నెలల్లోనే మొదలవుతుందని డాక్టరు ముందే చెప్పినా, నాకు మాత్రం నామీద ఇష్టం పోయిందనే అనిపించింది. ఇద్దరం కలిసి డాక్టరు దగ్గర కూర్చుని మాట్లాడిన తరువాతే ఆ అపోహ తొలగింది. మీ భార్య ధైర్యంగా ఉంటున్నారంటే ఆమెకు బాధ లేదని కాదు. ఆమె మాట్లాడుకోవడానికి ఒక స్నేహితురాలో, కౌన్సెలరో ఉండాలి. మీ రహస్యాన్ని కాపాడే పని ఆమె మీద వేసి, ఎవరితోనూ అనకూడదంటే అది ఆమెకు ఊపిరాడని బతుకు.

రెండో బిడ్డ ఆలోచన ఉంటే వీర్యాన్ని భద్రపరచుకోవడం గురించి ఆలస్యం చేయకుండా డాక్టరుతో మాట్లాడండి. ఈ పని చికిత్సకు ముందే చేయడం మేలు, ఎందుకంటే హార్మోన్లతో వీర్యకణాల ఉత్పత్తి పడిపోతుంది, ఆపిన తరువాత తిరిగి వస్తుందన్న హామీ లేదు. అదే సమయంలో, హార్మోన్లు వాడుతున్నాం కనుక గర్భం రాదనుకోవడమూ పొరపాటే. ఇవి గర్భనిరోధక మందులు కావు.

ఇక అత్తగారి విషయం. మా ఇంట్లో మేము చెప్పేలోగానే ఆమె కనిపెట్టారు. ఉతికి ఆరేసిన బట్టల్లో బ్రా నా కొలత కాదని గుర్తించారు. ఆమెకు కోపం వచ్చింది మార్పు మీద కాదు, అందరికీ తెలిసి తనకొక్కదానికే తెలియకపోవడం మీద. ఆ కోపం చల్లారడానికి చాలాకాలం పట్టింది. అందుకే శరీరం చెప్పకముందే మనిషి చెప్పాలని నా అభిప్రాయం. మీ అమ్మగారు జబ్బని భయపడుతున్నారు కదా, ఆ భయాన్ని పోగొట్టడంతోనే మాట మొదలుపెట్టండి. "నాకు జబ్బు లేదమ్మా, డాక్టరు దగ్గరే వైద్యం తీసుకుంటున్నాను, పరీక్షలన్నీ సక్రమంగా ఉన్నాయి" అన్న తరువాత మిగతాది చెబితే కనీసం ఆ మేరకు ఆమె మనసు తేలికపడుతుంది.

నిదానం

తోడునీడ గారి అనుభవాన్ని గౌరవిస్తూనే ఇంకో పక్షం చెప్పాలి. ముందే చెప్పడం అందరికీ క్షేమం కాదు. తలదాచుకునే చోటు, చదువు ఖర్చు, తిండి అన్నీ ఇంటివారి చేతిలోనే ఉన్నప్పుడు, కొట్టడమో గదిలో పెట్టి తాళం వేయడమో జరిగే ఇంట్లో ఉన్నప్పుడు నిజాయితీ కంటే ప్రాణం ముఖ్యం. నేను సొంత సంపాదన, వేరే చోట ఉండే ఏర్పాటు అయ్యేదాకా చెప్పలేదు. అలా చేసినందుకు నాకే పశ్చాత్తాపమూ లేదు. రొమ్ములు పూర్తిగా ఎదగడానికి రెండు మూడేళ్లు పడుతుంది, ముఖం, తుంటి నెమ్మదిగానే మారతాయి, గొంతు ఈస్ట్రోజెన్ వల్ల మారనే మారదు. వదులుగా ఉండే బట్టలతో మొదటి ఏడాది నెట్టుకొచ్చినవారు చాలామంది ఉన్నారు. కొత్తచిగురు గారి పరిస్థితి వేరు, ఆమె తన ఇంట్లోనే ఉన్నారు. చదివేవారందరికీ అలా ఉండదు కనుక రాశాను.

తోడునీడ

నిదానం గారూ, మీ మాట పూర్తిగా ఒప్పుకుంటున్నాను. నేను రాసింది భయం లేని ఇంటి సంగతి మాత్రమే.

వానచినుకు

పిల్లల గురించి నేను చెబుతాను, నాకు ఇద్దరున్నారు. పెద్దవాళ్లు ఊహించుకునేంత భారీగా పిల్లలు దీన్ని తీసుకోరు. మా చిన్నది మొదట అడిగిన ప్రశ్న, ఇకమీదట కూడా రాత్రి కథ చెబుతావా అని. మారేవేవో, మారనివేవో విడివిడిగా చెప్పాలి. జుట్టు, బట్టలు, ఒంటి ఆకారం మారతాయి. నిన్ను బడికి దింపడం, ఎత్తుకోవడం, అన్నం తినిపించడం మారవు. ఏమని పిలవాలన్నది వాళ్లకే వదిలేశాం. పెద్దవాడు బయట ఒకలాగా, ఇంట్లో ఒకలాగా పిలుస్తాడు, అడ్డు చెప్పలేదు. మా పొరపొచ్చాలన్నీ పెద్దవాళ్ల మధ్యే వచ్చాయి.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. నానమ్మకు చెప్పవద్దని పిల్ల చేత ఒట్టు వేయించుకోకండి. అది ఆ వయసుకు మించిన బరువు, ఎప్పుడో ఒకప్పుడు నోరు జారి, తప్పంతా తనదేనని కుమిలిపోతుంది. మీ ఇంట్లో అమ్మగారికీ పాపకూ మధ్య ఎక్కువ ఎడం లేకుండా చెప్పడం మంచిది, ముందు అమ్మగారికి, ఆ తరువాత పాపకు. బడిలో ఎవరైనా అడిగితే ఏమనాలో ఒక చిన్న వాక్యం ఇంట్లోనే అలవాటు చేయించండి. "అది మా ఇంటి విషయం" అన్నా సరిపోతుంది.

మేఘమాల

రక్తపరీక్షల మాట వచ్చింది కనుక ఒక్క విషయం. హార్మోన్ల వైద్య నిపుణుల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ 2017 మార్గదర్శకాల ప్రకారం మొదటి ఏడాది 3 నెలలకొకసారి పరీక్షలు చేయించాలి. ఈస్ట్రడయాల్ 100 నుంచి 200 పికోగ్రాముల మధ్య, టెస్టోస్టెరాన్ 50 నానోగ్రాముల లోపు ఉండాలన్నది వారి లక్ష్యం. మొదటిది మిల్లీలీటరుకు, రెండోది డెసిలీటరుకు. జుట్టు, గోళ్ల కోసం బయోటిన్ బిళ్లలు వాడేవారు పరీక్షకు ముందు డాక్టరును అడిగి కొన్ని రోజులు ఆపాలి. బయోటిన్ ఎక్కువగా ఉన్న రక్తంలో కొన్ని యంత్రాలు హార్మోన్ల అంకెలను తప్పుగా చూపిస్తాయి. మాత్ర వేసుకున్న ఎంతసేపటికి రక్తం ఇచ్చారన్నది కూడా ప్రతిసారీ ఒకేలా ఉండాలి, లేకపోతే పాత రిపోర్టుతో పోల్చడానికి వీలుండదు. హిమోగ్లోబిన్‌కు రిపోర్టులో పురుషుల పరిధి వేసి, తక్కువగా ఉందని ఎర్రగీత గీస్తే కంగారుపడకండి. స్త్రీల పరిధితో చూడమని డాక్టరుకు చెప్పండి. ఆ ఎర్రగీత చూసి ఐరన్ మాత్రలు సొంతంగా మొదలుపెట్టడం వద్దు.

ఉదయరాగం

అడుగుజాడ గారు చెప్పాక వీపు వ్యాయామాలు మళ్లీ మొదలుపెట్టాను, అద్దానికి వీపు తిప్పి. భుజాల జోలికి మాత్రం ఇప్పట్లో వెళ్లను.

కొత్తచిగురు

నా భార్యతో కూర్చుని ఈ చర్చ అంతా చదివించాను. తోడునీడ గారి మాటలు చదివి ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తరువాత తన అక్కకు చెప్పుకోవచ్చా అని అడిగింది. తప్పకుండా చెప్పుకోమన్నాను. అమ్మకు వచ్చే సెలవు రోజున, పాప ఇంట్లో లేని సమయంలో చెప్పాలనుకుంటున్నాం. వంటింట్లో తక్కువ సోడియం ఉప్పు డబ్బా నిజంగానే ఉంది, అమ్మ రక్తపోటు కోసం తెచ్చినది. నా వాటాకు మామూలు ఉప్పు వేరుగా పెట్టించాను. ఎందుకని అమ్మ అప్పుడే అడిగింది.

ఒక సందేహం మిగిలింది. అమ్మ నా మాట నమ్మకపోతే ఆమెను నా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం మంచిదేనా?

తోడునీడ

మంచిదే, కానీ మొదటి రోజునే వద్దు. మీ నోటితో విన్న తరువాత ఆమెకు ప్రశ్నలు పుట్టడానికి కొన్నాళ్లు గడవనివ్వండి. డాక్టరును ముందుగా అడిగి ఆ రోజు కొంచెం ఎక్కువ సమయం కేటాయించమనండి, ఏ విషయాలు అమ్మగారి ముందు చెప్పవచ్చో, ఏవి చెప్పకూడదో మీరే స్పష్టంగా తెలియజేయండి. కాసేపు మీరు బయట కూర్చుని ఆమెను ఒంటరిగా మాట్లాడనివ్వండి. మా అత్తగారు కొడుకు ఎదుట అడగలేని ప్రశ్న ఒకటి డాక్టరును అడిగారట, తన పెంపకంలో లోపం వల్ల ఇలా జరిగిందా అని. కాదని వైద్యుడి నోట విన్న తరువాతే ఆమె మాతో మామూలుగా మాట్లాడటం మొదలుపెట్టారు.

హరితరేఖ

వెళ్లినప్పుడు అమ్మగారి రక్తపోటు మాత్రల చీటీ కూడా పట్టుకెళ్లండి. ఒకే ఇంట్లో రెండు రకాల ఉప్పు, ఇద్దరికీ మందులు ఉన్నప్పుడు డబ్బాల మీద పేర్లు రాసి పెట్టుకోవడం అవసరం.